జీవితంలో మొదటి జింక వేట, రైఫిల్ ఎప్పుడూ పట్టలేదు: చెన్నైలో ఉండగానే ఏం నేర్చుకోవాలి?

అడయారు_పిల్లోడు:

అందరికీ నమస్కారం. నవంబరు రెండో వారంలో టూరిస్టు వీసా మీద టెక్సాస్ వెళ్తున్నాను. మా బావగారి స్నేహితుడికి శాన్ ఆంటోనియో పైన హిల్ కంట్రీలో సొంత భూమి ఉంది, జింక వేటకి రమ్మన్నారు. రైఫిల్ ఆయనదే. బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ బోల్ట్ అనే పిడిని చేత్తో లాగి తొయ్యాలి), .308 వించెస్టర్ సైజు తూటా, పైన గురి చూసే స్కోప్. పెట్టెలాంటి బ్లైండ్‌లో, అంటే వేటగాడు దాక్కునే గూడులో, కూర్చుని వంద గజాల లోపు కొట్టడమేనట.

మెరీనా బీచ్‌లో బెలూన్లు కాల్చే తుపాకీ తప్ప నేను ముట్టుకున్నది ఏదీ లేదు. ఈ వీసా మీద తుపాకీ పట్టొచ్చా? చేతిలో ఉన్న మూడు నెలల్లో ఇక్కడ ఏం సాధన చెయ్యాలి? జింకని ఎక్కడ కొట్టాలి, కొట్టాక ఏం చెయ్యాలి? ఇండియాలో వేటాడే ఆలోచన అసలు లేదు, కాబట్టి ఆ క్లాసు మాత్రం వద్దు. మిగతా ఎంత క్లాసు పీకినా వింటాను.

హిల్‌కంట్రీ_మామ:

కాగితాలతో మొదలుపెట్టండి, మీకు అసలు మెలిక అక్కడే ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. మీ టూరిస్టు వీసా బి-2 ఒక్కటే కాదు, హెచ్-1బి, ఎఫ్-1 కూడా ఇదే గాటన. మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి ఉంది: అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు ఉంటే పట్టొచ్చు. అంటే ముందు లైసెన్సు, తరవాతే తుపాకీ. "ఇవాళ రేంజ్‌లో నాలుగు రౌండ్లు కాల్చేద్దాం, లైసెన్సు రేపు తీసుకుందాం" అంటే కుదరదు. బావగారు బీరువాలోంచి తీసి "ఓసారి పట్టుకుని చూడు" అన్నా అదే మాట.

టెక్సాస్‌లో ఉండనివాళ్లకి జనరల్ హంటింగ్ లైసెన్సు 315 డాలర్లు. జింక ట్యాగులు (కొట్టిన జంతువుకి కట్టే చీటీలు) దానితోనే వస్తాయి. 48 డాలర్ల ఐదు రోజుల లైసెన్సు కనపడి చాలామంది అది కొనేస్తారు, కానీ దాంతో వైట్‌టెయిల్ (అక్కడి మామూలు జింక) కొట్టకూడదు. రుసుములు మారుతుంటాయి, కొనేముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైటు చూసుకోండి. లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా. మామూలు జింక సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది, కాబట్టి మీ రెండో వారం సరిపోతుంది.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. 17 ఏళ్లు దాటినవాళ్లు కోర్సు మొత్తం ఆన్‌లైన్‌లోనే ముగించొచ్చు, అడయారులో కూర్చునే. పది డాలర్లు కట్టి ఒక్కసారికి వాయిదా వేసుకునే వీలుంది, పక్కన ఆ కోర్సు పాసైన లైసెన్సుదారు ఉండాలి. తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్లు ఆ వాయిదా జోలికి పోకపోవడమే మంచిది.

ఇక సరదా సంగతి. మీ గిండీ పార్కులో కనపడే రెండూ, చుక్కల దుప్పి, కృష్ణజింక, 1932లో టెక్సాస్‌కి తెచ్చినవి ఇప్పుడు హిల్ కంట్రీలో కంచెలు దాటి తిరుగుతున్నాయి. వాటిని అక్కడ ఎగ్జాటిక్స్ అంటారు. సీజను లేదు, పరిమితి లేదు, ట్యాగు అక్కర్లేదు, ఆ 48 డాలర్ల లైసెన్సు చాలు. కాబట్టి ఒకే మేతగడ్డ మీద రెండు రకాల జింకలు రావచ్చు. పెద్దయ్యాక కూడా తెల్లచుక్కలుంటే అది మన దుప్పి. వైట్‌టెయిల్‌కి చుక్కలు పిల్లప్పుడే. ఏ జంతువో నోటితో చెప్పగలిగాకే వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోవాలి.

పదిమీటర్లు:

చెన్నైలో ఏం చెయ్యాలో నేను చెప్తాను. ఎగ్మూరు వైపు రైఫిల్ క్లబ్బులో గానీ, నగరంలో ఉన్న పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అకాడమీల్లో గానీ రెండు నెలలు చేరండి. మన దగ్గర 0.177 బోరు, 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు.

అక్కడ నేర్చుకునేది గురి అనుకుంటారు. గురి కాదు, చేతి అలవాటు. టార్గెట్ దగ్గర మనుషులుంటే ఎవరూ తుపాకీ ముట్టరు. మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే. "స్టాప్" వినపడితే నొక్కబోతున్న వేలు కూడా బయటికొచ్చేస్తుంది. ఇవి మెదడుతో కాకుండా ఒంటితో జరగాలి, దానికి వారానికి మూడు రోజుల చొప్పున రెండు నెలలు పడుతుంది.

అక్కడ అబ్బనివి రెండు. ఒకటి, మ్యాచ్ ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ గ్రాముల్లో ఉంటుంది, ఊదితే పేలినట్టు. వేట రైఫిల్‌కి దాదాపు కిలోన్నర బరువు లాగాలి. అలవాటైన వేలు "ఎందుకు పేలట్లేదు" అని గబుక్కున గుంజుతుంది, గుండు కుడికో కిందకో పోతుంది. రెండు, ఎయిర్ రైఫిల్ తన్నదు. .308 తంతుంది. ఆ తన్నుకి ముందే కళ్లు మూసి భుజం ముందుకు తోస్తారు. దీనికి మందు: బావగారి స్నేహితుణ్ణి అడిగి, మీకు కనపడకుండా కొన్నిసార్లు తూటా, కొన్నిసార్లు పేలని డమ్మీ రౌండు పెట్టించుకోండి. డమ్మీ పడినప్పుడు తుపాకీ మూతి కిందికి తలూపితే మీ జబ్బు అందరికీ కనపడిపోతుంది. ఊపకుండా పది సార్లు వచ్చేదాకా వేటకి వెళ్లొద్దు.

ఇప్పుడు అన్‌లోడ్ చెయ్యడం. ఎక్కువ ప్రమాదాలకి మూలం "ఖాళీగానే ఉందనుకున్నా" అనే మాట. మూతి ఎవరూ లేని వైపు, వేలు ట్రిగ్గర్ గార్డు బయట. మొదట మ్యాగజైన్ తియ్యాలి, ఊడదీసేది కాకపోతే అడుగు రేకు తెరిచి తూటాలు అరచేతిలోకి దించాలి. ఆ తరవాతే బోల్ట్ పైకెత్తి వెనక్కి లాగాలి, చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఉన్న తూటా ఎగిరి బయట పడుతుంది. వరస తిరగేశారనుకోండి: మ్యాగజైన్ ఉండగానే బోల్ట్ లాగి, తూటా బయటికొచ్చిందని సంతోషించి, బోల్ట్ మూసేస్తే రెండో తూటా చక్కగా చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. చేతిలో మాత్రం "ఇదిగో, తీసేశా" అని ఒక తూటా ఉంటుంది. చివర్లో చాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడమండి. తెల్లవారుజామున చీకట్లో కన్ను మోసం చేస్తుంది, వేలు చెయ్యదు.

పేలకుండా ఆపే మీట, సేఫ్టీ గురించి ఒక్క మాట. మూడు స్థానాల సేఫ్టీ అయితే మధ్యలో పెట్టి బోల్ట్ తెరవొచ్చు, ట్రిగ్గర్ బిగుసుకునే ఉంటుంది. 1982కి ముందు తయారైన కొన్ని పాత రైఫిళ్లలో సేఫ్టీ తీస్తే గానీ బోల్ట్ కదలదు. వాళ్ల తుపాకీ ఏ రకమో ఖాళీగా ఉన్నప్పుడే పది సార్లు ఆడించి చూసుకోండి.

తూటా:

పైన చెప్పినవాటితో పేచీ లేదు, ఒక్కటి కలపాలి. .308 తూటా తొడుగు నుంచే .243 పుట్టింది. రెంటి అడుగు వెడల్పు ఒకటే. .243 తూటా .308 చాంబర్‌లో దూరుతుంది, పేలుతుంది కూడా. గుండు సన్నం కాబట్టి గొట్టంలో గిలకలా కొట్టుకుంటూ పోతుంది, తొడుగు మెడ చిట్లుతుంది, వేడి గ్యాసు మొహం వైపు రావచ్చు. ఆ ఇంట్లో పిల్లల కోసం .243 ఉంచుతారేమో కనుక్కోండి, హిల్ కంట్రీలో అది మామూలే. బల్ల మీద ఒక్క డబ్బా మాత్రమే ఉండాలి. ప్రతి తూటా అడుగున చెక్కిన అక్షరాలూ బ్యారెల్ మీద చెక్కినవీ ఒకటేనా అని చూసి ఎక్కించండి.

జీరో, అంటే స్కోప్ గురీ గుండు పడే చోటూ ఒకటయ్యేలా సర్దడం, మీరే చెయ్యండి, "నిరుడు చేశాం, బాగానే ఉంది" అంటే నమ్మొద్దు. వేటలో వాడే తూటాతోనే. మొదట 25 గజాల్లో కాగితం మీద పడుతుందో లేదో చూసి, తరవాత 100కి వెళ్లండి. మూడు గుళ్లు కాల్చి ఆ మూడింటి మధ్యబిందువు చూడాలి, ఒక్క గుండుని చూసి స్కోప్ తిప్పొద్దు. చాలా స్కోపుల్లో సర్దే మరని ఒక క్లిక్ తిప్పడం అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం. గుళ్లు మూడు అంగుళాలు కిందికి, రెండు అంగుళాలు కుడికి పడ్డాయంటే 12 క్లిక్కులు పైకి, 8 ఎడమకి. 25 గజాల దగ్గర అదే క్లిక్కు అంగుళంలో పదహారో వంతే కదుపుతుంది, ఇది మరిచి చాలామంది అరడబ్బా తూటాలు తగలేస్తారు. మూడేసి గుళ్లకి ఒకసారి బ్యారెల్ చల్లారనివ్వండి.

150 గ్రెయిన్ల బరువున్న గుండుతో 100 గజాలకి జీరో చేస్తే 150 గజాల దాకా అంగుళమో అంగుళమున్నరో తేడా. అంతకంటే దూరం మీకు ఎలాగూ వద్దు. కన్ను స్కోప్‌కి మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. తల ముందుకి జారితే ఆ రింగు కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీస్తుంది.

నొక్కితే క్లిక్ మని పేలలేదనుకోండి, మూతి అటే ఉంచి 30 సెకన్లు ఆగి అప్పుడు బోల్ట్ తెరవండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. దానికంటే చెడ్డది, చప్పుడు "ఢాం" అనకుండా "టప్" మంటే. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు. అక్కడితో ఆపి, అన్‌లోడ్ చేసి, బోల్ట్ ఊడదీసి గొట్టంలోంచి వెలుతురు కనపడుతుందా చూడాలి. చూడకుండా రెండోది పేలిస్తే గొట్టమే చీలుతుంది.

చెవులకి మఫ్స్ మర్చిపోవద్దు. .308 చప్పుడు 150 డెసిబెల్స్ పైమాటే, పెట్టెలాంటి బ్లైండ్‌లో అది గోడలకి తగిలి మళ్లీ మీ చెవిలోకే వస్తుంది.

అడయారు_పిల్లోడు:

చాలా థాంక్స్ అండి, కోర్సుకి ఈ రాత్రే రిజిస్టర్ అవుతున్నాను. రెండు సందేహాలు. బ్లైండ్‌లో కూర్చున్నాక చాంబర్‌లో తూటా పెట్టి సేఫ్టీ వేసుకోవాలా, ఖాళీగా ఉంచాలా? ఒక్క దెబ్బకి పడకపోతే ఏం చెయ్యాలి?

పదిమీటర్లు:

ఖాళీగా ఉంచండి. మ్యాగజైన్ నిండుగా, చాంబర్ ఖాళీగా. జింక వచ్చి, కొట్టదగ్గదని ఇద్దరూ ఒప్పుకున్నాక బోల్ట్ ముందుకి తొయ్యండి.

హిల్‌కంట్రీ_మామ:

ఇక్కడ నాది కాస్త వేరే మాట. ఉదయం నిశ్శబ్దంలో ఎనభై గజాల్లో బోల్ట్ చప్పుడు జింకకి వినపడుతుంది, అందుకే పాత వేటగాళ్లు కూర్చున్నాక లోడ్ చేసి, సేఫ్టీ వేసి, మూతి కిటికీ బయటకి పెట్టి ఉంచుతారు. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకి పదిమీటర్లుగారి పద్ధతే సరైంది. బోల్ట్‌ని అరచేత్తో మెల్లగా తోస్తే చప్పుడు తగ్గుతుంది. ఒకవేళ విని పారిపోయినా పోయింది జింకే. బ్లైండ్‌లో ఇద్దరుంటే తుపాకీ ఒక్కటే ఉండాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు, కంచె దాటేటప్పుడు పూర్తిగా అన్‌లోడ్ చెయ్యాలి. చేత్తో పట్టుకుని నిచ్చెనెక్కొద్దు, పైకెక్కాక తాడుతో లాక్కోవాలి, మూతి కిందికి ఉండేలా.

బ్లైండ్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. స్కోప్ గొట్టానికి రెండు అంగుళాలు పైన ఉంటుంది. స్కోప్‌లో జింక శుభ్రంగా కనపడుతుంది, కింద గొట్టం మూతి మాత్రం కిటికీ చెక్కకి ఎదురుగా ఉంటుంది. నొక్కితే చెక్క పగిలి మొహం మీదకి వస్తుంది. మూతి కిటికీ దాటి అరచెయ్యంత బయట ఉండాలి. స్కోప్‌ని బైనాక్యులర్‌లా వాడటం కూడా వద్దు, పొదలో కదిలేది మనిషైతే మీరు అతని మీద తుపాకీ పెట్టినట్టే. వెతకడానికి మెడలో బైనాక్యులర్ ఉండాలి. ప్రైవేటు భూమిలో నారింజ రంగు చొక్కా చట్టం అడగదు, అయినా టోపీ, వెస్టు వేసుకోండి.

ఎక్కడ కొట్టాలంటే: జింక పూర్తిగా పక్కకి తిరిగి నిలబడాలి. ముంగాలి వెనక అంచు పట్టుకుని పైకి రండి, ఒంటి ఎత్తులో కిందినుంచి మూడో వంతు దగ్గర ఆగండి. గుండెకాయ పై భాగం, రెండు ఊపిరితిత్తులు అక్కడున్నాయి, ఎనిమిది అంగుళాల పళ్లెమంత చోటు. కాస్త అటువైపు తిరిగి వెళ్తున్నట్టుంటే అవతలి ముంగాలిని ఊహించుకుని దానికి గురిపెట్టండి. మీ వైపు తిరిగి ఉన్నా, తల మాత్రమే కనపడుతున్నా, నడుస్తున్నా, ఇంకో జింక వెనక నిలబడి ఉన్నా కొట్టొద్దు. వెనక మట్టిగట్టో కొండవాలో ఉండాలి. ఆకాశం కనపడే శిఖరం మీదున్న జింకని వదిలేయండి, తప్పిపోయిన .308 గుండు కొన్ని కిలోమీటర్ల అవతల కూడా మనిషిని తియ్యగలదు.

మగదాన్ని కొట్టాలనుకుంటే ఇంకో చిక్కు. చాలా కౌంటీల్లో (అక్కడి జిల్లాలు) కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉండాలి, లేదా ఒక కొమ్మైనా చీలికలు లేకుండా ఉండాలి. చెవులు నిక్కబొడుచుకున్నప్పుడు ఆ కొన నుంచి ఈ కొనకి దాదాపు 13 అంగుళాలే, కొమ్ములు చెవుల్ని దాటితే సరి. మొదటిసారికి ఆడజింక అయితే ఈ కొలతల గొడవ లేదు.

కొట్టగానే రెండో తూటా ఎక్కించుకుని, కళ్లు తిప్పకుండా అది ఏ చెట్టు దగ్గర మాయమైందో గుర్తుపెట్టుకోండి. ఊపిరితిత్తులు తగిలిన జింక కూడా యాభై, వంద గజాలు పరుగెడుతుంది, తప్పిపోయిందనుకుని నీరుగారిపోవద్దు. కళ్లముందు పడకపోతే అరగంట కదలొద్దు. తరవాత అది నిలబడ్డ చోట నెత్తురు చూడండి. గులాబీ రంగులో నురగ ఉంటే ఊపిరితిత్తులు, దగ్గరలోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కార్జం, మరో రెండుమూడు గంటలు ఆగాలి. ఆకుపచ్చగా, వాసనగా ఉంటే పేగులు. అప్పుడు ఆరు గంటలు ఆగమని పుస్తకాల మాట.

తూటా:

ఆ ఆరు గంటలు చలి రాష్ట్రాల లెక్క. నవంబరులో టెక్సాస్ మధ్యాహ్నం 25 డిగ్రీలు ఉంటే పొట్ట పగిలిన జింక ఆరు గంటల్లో కంపు కొడుతుంది. అనుభవమున్నవాణ్ణి, వీలైతే వెతికే కుక్కని పిలిపించడం మేలు. తొందరపడి మీరే తరిమితే అది ఇంకో కిలోమీటరు పోతుంది.

దగ్గరికి వెళ్లేటప్పుడు వెనకనుంచి, వీపు వైపునుంచి వెళ్లాలి. పొడుగాటి పుల్లతో కనుగుడ్డు తాకండి. రెప్ప కదిలితే ప్రాణముంది, వెనక్కి జరిగి ఇంకో దెబ్బ. కదలకపోతే తుపాకీ అన్‌లోడ్ చేసి పక్కన పెట్టండి, ఆ తరవాతే ఫొటోలు. ట్యాగు మీద నెల, తేదీ కత్తిరించి జంతువుకి కట్టాకే అక్కణ్ణించి కదపాలి. తల కోసి పారేయకండి, ఆడో మగో తెలిసే గుర్తు మాంసంతో ఉండాలి.

పొట్ట తియ్యడం మేకని కోసేవాళ్లని చూసి ఉంటే తెలిసిందే. గ్లవ్స్ వేసుకోండి. రొమ్ము ఎముక కింద చిన్న గాటు పెట్టి, రెండు వేళ్లు లోపల పెట్టి చర్మాన్ని పైకెత్తి, ఆ వేళ్ల మధ్యలో కత్తి పదును ఆకాశం వైపు పెట్టి కిందికి రండి. పదును కిందికి పెడితే పేగు తెగుతుంది, వాసన మాంసమంతా పాకుతుంది. మలద్వారం చుట్టూ కోసి దారంతో కట్టేయాలి, మూత్రాశయం చిదమకుండా మెడ దగ్గర పట్టుకోవాలి. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య పొర) కోసి, చెయ్యి లోపలికి పోనిచ్చి గాలిగొట్టం వీలైనంత పైన తెంపితే అన్నీ ఒక్క లాగుతో వచ్చేస్తాయి. గుండు పోయిన దారి చుట్టూ నెత్తురు గడ్డకట్టిన మాంసం కనీసం అరచెయ్యి వెడల్పున తీసేయండి, సీసపు రజను అంతకంటే దూరం కూడా పోవచ్చు.

కూలర్లో 20 కిలోల ఐస్‌కి తక్కువ వద్దు. కింద నీళ్ల బిరడా తెరిచే ఉంచండి, మాంసం నీళ్లలో నానకూడదు. 4 డిగ్రీల లోపుంటేనే నిలవుంటుంది. జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు 2012 నుంచి టెక్సాస్‌లో ఉంది, కొన్ని ప్రాంతాల్లో పరీక్షకి ఇవ్వాల్సి రావచ్చు. మెదడు, వెన్నుపూస జోలికి పోకుండా ఎముకల్లేకుండా కోయించుకుంటే మంచిది.

పదిమీటర్లు:

చెన్నైవాళ్లకే వీలున్న సాధన ఒకటి మిగిలింది. గిండీ పార్కుకి బైనాక్యులర్ పట్టుకుని వెళ్లండి. దుప్పి పక్కకి నిలబడ్డప్పుడు మనసులో "ఇప్పుడు" అనుకోండి, అది అరడుగు తిరగ్గానే "ఇప్పుడు కాదు" అనుకోండి. గంటలో ఎన్నిసార్లు "ఇప్పుడు" వచ్చిందో లెక్కపెడితే, ఎంతసేపు ఊరికే కూర్చోవాలో అర్థమవుతుంది. ఫొటోలు తీసి ఇంట్లో ముంగాలి వెనక చుక్క పెట్టి చూసుకోండి. ఆ జంతువులకి మన వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, క్లాసు వద్దన్నారు కాబట్టి అక్కడితో ఆపుతాను.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ రోజు వేసుకున్న జాకెట్టు, ప్యాంటు, బ్యాగు జేబులన్నీ తిరగేసి దులపండి. ఒక్క తూటా మిగిలిపోయి చెన్నై ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. జ్ఞాపకంగా ఖాళీ తొడుగు తెచ్చుకున్నా ఆపుతారు. కొమ్ములు, మాంసం అక్కడే వదిలేయండి. వేటకి వేరే బ్యాగు బావగారి దగ్గరే తీసుకుని, వచ్చేటప్పుడు అక్కడే ఇచ్చేసి రండి.